చలికి ముందు పెట్టెలను కలపనివ్వండి: మన్యం నుంచి ఒక బహిరంగ లేఖ

మన్యంలో తేనెటీగల పెంపకం పథకాలను నడుపుతున్న అధికారులందరికీ,

గౌరవపూర్వక నమస్కారాలు.

చింతపల్లి మండలంలోని మా ఊరి చుట్టూ ఇప్పుడు వలిసె అనే నూనెగింజల పంట చేలన్నీ పసుపు రాసిన గడపల్లా ఉన్నాయి. పర్యాటకులు ఆ పూల మధ్య నిలబడి ఫోటోలు దిగుతున్నారు. మా పెట్టెల్లోని ఈగలు పొద్దున మంచు విడిచింది మొదలు పొద్దు వాలే దాకా అవే పూల మీద తిరుగుతున్నాయి. ఇంకొక నెల గడిస్తే ఈ పూత అయిపోతుంది. ఆ తరువాత మామిడి పూత అందుకునే దాకా నడిచే ఆరేడు వారాల చలికాలం గురించి, ఆ చలిలో ఏటా చచ్చిపోతున్న బలహీనమైన పెట్టెల గురించి నేను ఈ లేఖ రాస్తున్నాను.

అడగదలచుకున్నది ముందే చెబుతాను. చలి ముదరక ముందు రెండు బలహీనమైన పెట్టెలను కలిపి ఒక బలమైన పెట్టెగా చేసుకున్న రైతును, ఒక పెట్టెను పోగొట్టుకున్నవాడిగా మీ రిజిస్టరులో రాయవద్దు. చూడడానికి ఇది చాలా చిన్న కోరిక. అయితే మా ప్రాంతంలో చలికాలం దాటే ఈగల సంఖ్య ఎంత ఉంటుందనేది చాలావరకు ఈ ఒక్క విషయం మీదనే ఆధారపడి ఉందని, ఎనిమిదేళ్లుగా కాఫీ తోటలో పెట్టెలు పెట్టుకొని బతుకుతున్న నేను నమ్ముతున్నాను.

నాకు మొదటిసారి పథకం కింద పది పెట్టెలు వచ్చింది ఒక డిసెంబరు మొదటి వారంలో. వలిసె పూత అప్పటికే రాలిపోతోంది. మూతలు తీసి చూస్తే ఒక్కో పెట్టెలో, ఈగలు పట్టు కట్టుకునే చెక్క చట్రాలు, అంటే ఫ్రేములు, నాలుగేసి ఉన్నాయి. వాటిలో రెండింటి మీద మాత్రమే ఈగలు నిండుగా ఉన్నాయి. పిల్లలు పెరిగే పిల్లపట్టు అరచేతి వెడల్పుకు మించి లేదు. తేనె నిల్వ ఫ్రేము పైఅంచున ఒక పట్టీలాగా ఉందంతే. సరఫరా లెక్క పూర్తి చేయడానికి పెద్ద సమూహాలను అప్పటికప్పుడు విడగొట్టి పంపారని అప్పుడు నాకు అర్థం కాలేదు. కొత్తవాడిని కనుక, పది పెట్టెలు వచ్చాయన్న సంతోషంతో సిల్వర్ ఓక్ చెట్ల నీడన వరసగా పెట్టుకున్నాను. ఫిబ్రవరి నాటికి వాటిలో మూడు మిగిలాయి.

ఆ జనవరిలో ఒక అనుభవజ్ఞుడు మా తోటకు వచ్చి, పెట్టెకు చెవి ఆనించి, పక్కపలక మీద వేలితో ఒక్కసారి తట్టాడు. బలమైన పెట్టెలో ఆ తట్టుకు గుమ్మని ఒక మోత లేచి వెంటనే అణగిపోతుంది. నా పెట్టెల్లో చాలావాటి నుంచి ఎండుటాకు కదిలినట్టు సన్నని సవ్వడి మాత్రమే వచ్చి చాలాసేపు ఆగలేదు. "వీటిని అప్పుడే కలుపుకోవలసింది" అన్నాడాయన. కలుపుకుందామనే నేను అంతకు మూడు వారాల ముందు తనిఖీకి వచ్చిన ఉద్యోగిని అడిగాను. పది పెట్టెలు ఇచ్చినచోట పది కనిపించాలని, తక్కువైతే తరువాతి విడత సాయం ఆగిపోతుందని ఆయన చెప్పారు. ఆయన దురుద్దేశంతో అన్న మాట కాదది. ఆయన చేతిలో ఉన్న కాగితంలో "ఇచ్చినవి", "ఉన్నవి" అనే రెండు గడులే ఉన్నాయి. "కలిపినవి" అని రాయడానికి చోటు లేదు.

ఆ మూడో గడి కోసమే నా వేడుకోలు. దాని అవసరం అర్థం కావాలంటే చలిలో పెట్టె లోపల ఏం జరుగుతుందో కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

తేనెటీగ ఒంటరిగా చలికి నిలువలేదు. గుంపుగా నిలుస్తుంది. బయటి ఉష్ణోగ్రత 14 డిగ్రీల ప్రాంతానికి దిగేసరికి ఐరోపా తేనెటీగలు పట్ల మధ్య ఒకదానినొకటి హత్తుకొని ముద్దగా కూడుతాయి. మన నాటు జాతి అయిన పుట్ట తేనెటీగలు అంతకంటె కొంచెం చలికి ఓర్చి పొద్దున్నే మేతకు బయలుదేరగలవు కాని, రాత్రివేళ అవీ అదే పని చేస్తాయి. ముద్ద లోపలి ఈగలు రెక్కలు ఆడించకుండానే రెక్కల కండరాలను వణికిస్తూ వేడి పుట్టిస్తాయి. ఆ వణుకుకు కావలసిన శక్తి అంతా తేనె నుంచే వస్తుంది. ముద్ద పైపొరలో ఉన్న ఈగలు దుప్పటిలాగా ఆ వేడిని బయటికి పోకుండా ఆపుతాయి. పిల్లపట్టు ఉన్నచోట 34, 35 డిగ్రీల వేడి నిలబడాలి. అది తప్పితే గదుల్లోని పిల్లలు చలి తగిలి చచ్చిపోతాయి.

ఇందులో సంఖ్యకు ఉన్న విలువ గమనించండి. నెగడులో పది దుంగలు కలిసి మండుతుంటే తెల్లవార్లూ నిప్పు ఉంటుంది. అదే దుంగలను విడదీసి పదిచోట్ల పెడితే జాముకల్లా ఒక్కొక్కటీ ఆరిపోతుంది. ఈగల ముద్ద కూడా అంతే. ముద్ద చిన్నదయ్యే కొద్దీ ఉన్న ఈగలతో పోలిస్తే చలిగాలికి తగిలే పైభాగం ఎక్కువవుతుంది. కనుక చిన్న సమూహంలోని ఒక్కొక్క ఈగ, పెద్ద సమూహంలోని ఈగ కంటె ఎక్కువ వణకాలి, ఎక్కువ తేనె తినాలి, తొందరగా అరిగిపోవాలి. తినడానికి తేనె పక్క ఫ్రేములోనే ఉన్నా, ముద్దను విడిచి అంతదూరం జరగలేక ఆకలితో చచ్చిన ఈగలను నేను నా చేతులతో ఎత్తిపోశాను. తలలు ఖాళీ గదుల్లోకి దూర్చుకొని, తోకలు మాత్రమే బయటికి కనిపిస్తూ, ఆ పట్టు మీద అవి అట్లాగే బిగిసిపోయి ఉన్నాయి. నాలుగంగుళాల దూరంలో మూత వేసిన తేనె ఉంది.

ఇతర దేశాల మంచుతో పోలిస్తే మన చలి ఎంత అని ఎవరైనా అనవచ్చు. మా మండలంలోని లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. బయట పడుకుంటే తెల్లారేసరికి కొర్రులా, అంటే కర్రలా, బిగుసుకుపోతారని ఆ పేరు వచ్చిందని మా పెద్దలు చెబుతారు. సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ప్రాంతంలో డిసెంబరు, జనవరి నెలల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు దిగడం మామూలు సంగతి. కొన్నేళ్లు అయిదు డిగ్రీల లోపుకూ దిగింది. చింతపల్లిలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానంలో నమోదయ్యే అంకెలనే పత్రికలు ఏటా ప్రచురిస్తుంటాయి కనుక ఇది మీకు తెలియని విషయం కాదు. పైగా మన చలిలో ఒక కష్టం అదనంగా ఉంది. మంచు దేశాల్లో ఈగలు నెలల తరబడి పిల్లను పెంచడం మానేసి, ఒంట్లో కొవ్వు దాచుకున్న ప్రత్యేకమైన చలికాలపు తరంతో నెట్టుకొస్తాయి. ఆ ఈగలు నాలుగైదు నెలలు బతుకుతాయి. మా దగ్గర రాత్రి గడ్డకట్టే చలి, పగలు పన్నెండయ్యేసరికి చురుక్కుమనే ఎండ. అందుచేత రాణి గుడ్లు పెట్టడం పూర్తిగా మానదు, కూలీ ఈగలు తిరగడం మానవు, తిరిగినా తెచ్చుకోవడానికి పూలు తక్కువ. పగలు తిరుగుడుతో, రాత్రి వణుకుతో రెండు విధాలా నిల్వ కరిగిపోతుంది.

ఈ పరిస్థితిలో మూడు ఫ్రేముల ఈగలతో ఉన్న పెట్టె ముందు రెండే దారులుంటాయి. ఐరోపా ఈగలైతే క్రమంగా తగ్గిపోయి, ఈగలు కప్పలేని ఖాళీ పట్లలోకి మైనపు పురుగు చేరి, చివరికి బూడిదరంగు గూళ్లతో నిండిన ఫ్రేములు మిగులుతాయి. పుట్ట ఈగలైతే అంతదాకా ఆగవు. తిండి తగ్గినా, పురుగు చేరినా, మాటిమాటికి కదిపినా, ఒక మధ్యాహ్నం ఎండ పడగానే అన్నీ కలిసి లేచిపోతాయి. ఆ లేచిపోయిన గుంపు జనవరి రాత్రిలో ఏ చెట్టుతొర్రలోనో ఖాళీ కడుపుతో కొత్తగా పట్టు కట్టుకొని బతకడం కష్టం. పెట్టె మాత్రం రైతు దగ్గర ఉంటుంది. తనిఖీలో పదికి పది పెట్టెలు కనిపిస్తాయి. మూత తీసి చూడకపోతే అన్నీ సజావుగా ఉన్నట్టే.

బలహీనమైన పెట్టెకు ఎన్ని సేవలైనా చేయవచ్చు, నేను చేస్తాను కూడా. ఈగలు కప్పని ఫ్రేములను బయటికి తీసి, మిగిలినవాటి పక్కన చెక్కతో చేసిన అడ్డుపలక పెట్టి, గది ఇరుకు చేస్తాను. ద్వారాన్ని రెండు ఈగలు పక్కపక్కన పట్టేంతకు కుదిస్తాను. అంతకంటె వెడల్పుగా ఉంటే పక్క పెట్టెల ఈగలు దోపిడీకి వచ్చినప్పుడు కాపలా కాయడానికి వీటి బలం చాలదు. మూత కింద గోనెపట్టా పరచి, పెట్టె చుట్టూ చోడి గడ్డి కడతాను. పొగమంచు కాలంలో చలి కంటె తేమ ఎక్కువ చెరుపు చేస్తుంది. ఈగల ఊపిరి ఆవిరి చల్లని మూతకు తగిలి నీటి బొట్లై ముద్ద మీదనే రాలుతుంది. కనుక పెట్టెను ముందుకు కొద్దిగా వాల్చి, ఆవిరి పోవడానికి పైన సన్నని సందు ఉంచుతాను. మొదటి ఏడాది నేను చేసిన ఇంకొక తప్పు ఏమిటంటే, వేసవిలో హాయినిచ్చే సిల్వర్ ఓక్ నీడను చలికాలంలోనూ నమ్ముకోవడం. డిసెంబరులో ఆ నీడన పది గంటల దాకా పెట్టె మీద మంచు ఆరదు. ఇప్పుడు నా పెట్టెలన్నీ తోట అంచున, తూర్పు ఎండ మొదట పడేచోట ఉంటున్నాయి.

ఇవన్నీ చేసినా, మూడు ఫ్రేముల పెట్టెను ఆరు ఫ్రేముల పెట్టెగా మార్చగలిగేది కలపడం ఒక్కటే. మిగిలిన పనులన్నీ ఉన్న వేడిని కాపాడేవి. వేడిని పుట్టించేది ఈగల సంఖ్య.

కలపడం ఎట్లాగో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. అయినా శిక్షణల్లో దీనికి ఐదు నిమిషాలకు మించి దక్కడం లేదు కనుక, నేను చేసే తీరు ఇక్కడ రాస్తాను. ముందుగా రెండు పెట్టెలూ ఆరోగ్యంగా ఉన్నాయో లేదో చూడాలి. పిల్ల గదిలోనే నీటి సంచిలా ఉబ్బి, తల పైకెత్తి చచ్చి కనిపిస్తే అది పిల్లసంచి రోగం కావచ్చు. 1990ల ఆరంభంలో దక్షిణాది అంతటా పుట్ట తేనెటీగలను తుడిచిపెట్టినంత పని చేసిన వైరస్ రోగం అది. అట్లాంటి పెట్టెను మంచి పెట్టెతో ఎంతమాత్రం కలపకూడదు. అదేవిధంగా పుట్ట ఈగలను ఐరోపా ఈగలతో కలపకూడదు, అవి వేరువేరు జాతులు. రెండూ ఆరోగ్యంగా ఉన్నప్పుడు, ఈగలు తమ చోటును గుర్తుంచుకుంటాయి కనుక, ఒక పెట్టెను రోజుకు రెండు మూడడుగుల చొప్పున రెండోదాని పక్కకు జరుపుకుంటూ రావాలి. ఒకేసారి ఇరవై అడుగులు జరిపితే మేతకు పోయిన ఈగలు పాతచోటికే వచ్చి, సాయంత్రానికి చలిలో నేల మీద పడిపోతాయి.

రెండు పెట్టెలూ పక్కపక్కకు చేరిన తరువాత, గుడ్లు పెట్టడంలో వెనకబడిన రాణిని తీసివేయాలి. ఈ పని చేయడానికి మనసొప్పదు, నిజమే. కాని ఒకే పెట్టెలో ఇద్దరు రాణులను వదిలితే అవి పోరాడి, మంచిదే చచ్చిపోయే ప్రమాదం ఉంది. సాయంత్రం ఈగలన్నీ లోపలికి చేరాక, రాణి ఉన్న పెట్టె పైన ఒక దినపత్రిక కాగితం పరచి, సూదితో నాలుగైదు చోట్ల గుచ్చి, దాని పైన రాణి లేని పెట్టె గదిని ఉంచాలి. ఈగలు రెండు వైపుల నుంచీ ఆ కాగితాన్ని కొరికి తీసేసరికి రెండు మూడు రోజులు పడుతుంది. అంతలో రెండు గుంపుల వాసన ఒకటవుతుంది కనుక కొట్లాట ఉండదు. ద్వారం ముందు కాగితపు పీచు రాలి కనిపిస్తే పని అయినట్టే. తరువాత వారానికి, ఈగలు కప్పిన ఫ్రేములన్నిటినీ ఒకే పెట్టె గదిలోకి చేర్చి, ఖాళీ పట్లను పురుగు పట్టకుండా భద్రపరచాలి. ఆ కట్టిన పట్లు వసంతంలో బంగారంతో సమానం.

దీనికి సమయం ముఖ్యం. వలిసె పూత ఇంకా పూర్తిగా రాలకముందే, నవంబరు చివర నుంచి డిసెంబరు రెండో వారం లోపు ఇది జరగాలి. అప్పటికి పగలు వెచ్చగా ఉంటుంది, ఈగలు కొత్త ఇంట్లో సర్దుకోవడానికి సమయం ఉంటుంది. జనవరి నడిమిలో, పెట్టెలో పిడికెడు ఈగలు మిగిలాక కలిపితే, బలమైన పెట్టెకు ఆ పిడికెడు వల్ల ఒరిగేది లేదు. రాణి లేని పెట్టెల విషయంలో ఈ గడువు ఇంకా కచ్చితమైనది. చలిలో మగ ఈగలు కరవవుతాయి కనుక, అప్పుడు కొత్త రాణి పుట్టినా జతకూడలేక వట్టిపోతుంది. ఆ పెట్టెను కాపాడే దారి కలపడం తప్ప వేరే లేదు.

సంఖ్య తగ్గిపోతుందన్న మీ ఆందోళనకు సమాధానం కూడా ఈగల దగ్గరే ఉంది. గుడ్డు నుంచి కూలీ ఈగ గది విడిచి రావడానికి సుమారు మూడు వారాలు. ఆ తరువాత మరో రెండు మూడు వారాలు అది పెట్టెలోనే పిల్లలకు తినిపించడం, పట్టు కట్టడం వంటి ఇంటిపనులు చేసి, ఆపైనే పూలకు పోతుంది. అంటే మార్చి రెండో వారంలో పూల మీద పనిచేయవలసిన ఈగ, జనవరి చివర, ఫిబ్రవరి మొదట గుడ్డుగా పడి ఉండాలి. ఆ గుడ్డును పెట్టించి, దానికి వేడి పట్టి, పెంచగలిగే బలం ఆ రోజుల్లో ఉన్న పెట్టెకే మార్చిలో పంట. బలంగా చలి దాటిన పెట్టె మామిడి పూతతో నిండి, మార్చికల్లా విడగొట్టుకోవడానికి సిద్ధమవుతుంది. డిసెంబరులో పదిని అయిదు చేసుకొని, మార్చిలో ఆ అయిదును మళ్లీ పది చేసుకోవడం నాకు వరసగా నాలుగేళ్లుగా సాధ్యపడుతోంది. డిసెంబరులో పదిని పదిగానే ఉంచి, మార్చిలో మూడుతో మొదలుపెట్టిన అనుభవమూ నాకుంది.

పెద్ద సమూహం వల్ల తేనె లెక్క కూడా మారుతుంది. ముప్ఫైవేల ఈగలున్న ఒక్క పెట్టె, పదిహేనువేల చొప్పున ఉన్న రెండు పెట్టెల కంటె ఎక్కువ తేనె తెస్తుందని అమెరికా శాస్త్రవేత్త ఫారర్ 1930లలోనే చూపించాడు. పెట్టె ఎంత చిన్నదైనా పిల్లలను సాకడానికి, వేడి నిలపడానికి కొన్ని ఈగలు ఇంటిపట్టున ఉండక తప్పదు. పెద్ద పెట్టెలో ఆ అవసరం పోగా మేతకు పోయే వంతు ఎక్కువగా మిగులుతుంది.

ఇది తేనెకు మాత్రమే సంబంధించిన విషయం కాదని మీకు చెప్పనవసరం లేదు. వలిసె పువ్వు తన పుప్పొడితో తాను గింజ కట్టలేదు. పక్క మొక్క పుప్పొడిని ఈగ తెచ్చి వేయాలి. అరబికా కాఫీ తనంతట తాను కాయగలదు కాని, ఈగలు తిరిగిన తోటలో కాయ కట్టు పెరుగుతుంది. మార్చి, ఏప్రిల్ వానలకు కాఫీ పూత విరగబూసి, నాలుగైదు రోజుల్లో రాలిపోతుంది. ఆ నాలుగైదు రోజులకు ఈగలు సిద్ధంగా ఉండాలంటే జనవరిలో చచ్చిపోకుండా ఉండాలి. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీ గురించి మనం గర్వంగా చెప్పుకుంటున్నాం. ఆ తోటల్లో పుప్పొడి మోసే ఈగల గురించి కూడా అంతే శ్రద్ధ ఉండాలని నా మనవి.

పెట్టెలను కలిపినట్టు రాసుకోనిస్తే, చచ్చిపోయిన పెట్టెలన్నిటినీ "కలిపాం" అని రాసేస్తారు కదా అని మీలో ఒకరు నాతో అన్నారు. ఆ సందేహం న్యాయమైనదే. దానికి నాకు తోచిన మార్గం ఇది. కలపదలచిన రైతు ముందురోజు మీ క్షేత్ర సిబ్బందికి తెలియజేసి, రెండు పెట్టెల ఫ్రేములను ఈగలతో సహా ఫోటో తీసి పంపాలి. కలిపిన తరువాత పదో రోజున ఒకే పెట్టెలో ఈగలు కప్పిన ఫ్రేములెన్నో మళ్లీ ఫోటో పంపాలి. ఖాళీ చేసిన పెట్టెను, కట్టిన పట్లను అమ్ముకోకుండా దగ్గర ఉంచుకోవాలి. ఏప్రిల్ చివర తనిఖీలో, విడగొట్టిన తరువాతి సంఖ్యను అతని అసలు సంఖ్యగా తీసుకోవాలి. అప్పటికీ సంఖ్య సగానికి కూడా చేరకపోతే కారణం అడగండి. చచ్చిన పెట్టెను కలిపినట్టు చూపడం ఈ పద్ధతిలో సులువు కాదు. ఎందుకంటే కలిపిన పెట్టెలో ఈగలు కనబడి తీరాలి.

ఇప్పటి తనిఖీలు ఎక్కువగా పెట్టెలు ఇచ్చిన కొద్ది వారాలకు, లేదా ఆర్థిక సంవత్సరం చివరి హడావుడిలో జరుగుతున్నాయి. నా ప్రార్థన ఏమిటంటే, ఒక తనిఖీ తప్పనిసరిగా నవంబరు నెలలో జరగాలి. ఆ తనిఖీలో పెట్టెల లెక్క కంటె ఫ్రేముల లెక్క ముఖ్యం కావాలి. ఎన్ని ఫ్రేముల మీద ఈగలు నిండుగా ఉన్నాయి, గుడ్లు కనిపిస్తున్నాయా, తేనె నిల్వ ఎన్ని ఫ్రేముల్లో ఉంది అనే మూడు సంగతులు రాసుకుంటే చాలు, ఏ పెట్టె చలి దాటుతుందో, ఏది దాటదో అక్కడికక్కడే తేలిపోతుంది. పెట్టె తెరవడానికి వీలులేనంత చలిగా ఉంటే, వెనకవైపు రెండు వేళ్లతో కొంచెం ఎత్తి బరువు చూసినా నిల్వ ఎంతో తెలుస్తుంది. ఈ విద్య మా ఊళ్లో పదో తరగతి చదివిన పిల్లలు కూడా రెండు రోజుల్లో నేర్చుకున్నారు.

పెట్టెలు సరఫరా చేసే కాలం గురించి కూడా ఒక మాట చెప్పాలి. జాతీయ తేనెటీగల పెంపకం, తేనె మిషన్‌కు కేంద్రం 2020లో మూడేళ్లకు 500 కోట్ల రూపాయలు కేటాయించి, తరువాత గడువును 2025-26 దాకా పొడిగించింది. నిధులు ఎప్పుడు విడుదలైతే అప్పుడు సరఫరా జరగడం మీ చేతుల్లో పూర్తిగా లేదని నాకు తెలుసు. అయినా కొండ మండలాల వరకైనా, నవంబరు, డిసెంబరు నెలల్లో కొత్త ఈగలను ఇవ్వడం మానండి. ఫిబ్రవరి, మార్చిలో ఇస్తే కొత్త రైతు పూత కాలంతో మొదలుపెట్టి, ఈగలు పెరగడం కళ్లారా చూసి, చలికాలం వచ్చేసరికి కొంత చేయి తిరిగి ఉంటాడు. ఖాళీ పెట్టెలు, పొగడబ్బాలు, ముసుగులు ఎప్పుడు ఇచ్చినా పాడవవు. ఈగలు అట్లా కాదు. ఒకవేళ ఏ కారణం చేతనైనా చలికి ముందే ఇవ్వవలసి వస్తే, పది బలహీనమైన పెట్టెలకు బదులు అయిదు నిండు పెట్టెలు ఇవ్వండి. మిగిలిన అయిదింటికి ఖాళీ పెట్టెలు ఇస్తే వసంతంలో మేమే నింపుకుంటాం.

తిండి గురించి క్లుప్తంగా చెబుతాను. వలిసె తేనెకు మంచి ధర వస్తున్నప్పుడు పెట్టె కిందభాగమైన పిల్లగదిలోని తేనెను కూడా పిండుకోవాలన్న ఆశ మాలో ఉంది. ఇది మా తప్పు. దీనికి మిమ్మల్ని అనను. మా తాత చెట్టుతొర్రల్లో తేనె తీసేటప్పుడు పిల్లపట్టును, దాని మీది తేనెను ముట్టేవాడు కాదు. పెట్టెలు వచ్చాక ఆ నియమాన్ని మేమే పోగొట్టుకున్నాం. పైగదిలోని తేనె మనది, కిందగదిలోది వాటిది అని ప్రతి శిక్షణలోనూ గట్టిగా చెప్పండి. నిల్వ తక్కువైన పెట్టెలకు మాత్రం చక్కెర కావాలి. తేనె తీయడం పూర్తయ్యాక, డిసెంబరు మొదట్లో రెండు పాళ్లు చక్కెర, ఒక పాలు నీళ్లతో చిక్కని పాకం చేసి, సాయంత్రం పూట లోపల పెట్టాలి. బయట చుక్క పడినా దోపిడీ మొదలవుతుంది. చలి ముదిరాక నీళ్ల పాకం పనికిరాదు, దానిలోని నీటిని ఆరబెట్టుకోలేక ఈగలు నీరసిస్తాయి. అప్పుడు పొడి చక్కెర ముద్దను కాగితం మీద ఫ్రేముల పైన ఉంచాలి. బెల్లం మాత్రం పెట్టకూడదు, విరేచనాలు పట్టుకుంటాయి. తేనె గది ఉన్న కాలంలో చక్కెర పెడితే అది తేనెలో కలుస్తుంది, కొనేవారిని మోసం చేసినట్టవుతుంది. కాబట్టి ఆ కాలంలో పెట్టకూడదు. నా లెక్కన ఒక బలహీనమైన పెట్టెకు చలికాలమంతా రెండు మూడు కిలోల చక్కెర సరిపోతుంది. పథకం కిట్టులో దీనిని చేర్చగలిగితే, ఆ ఖర్చు చచ్చిపోయే ఒక్క సమూహం ధర ముందు లెక్కలోకి రాదు.

శిక్షణ గురించి నా అభ్యర్థన ఏమిటంటే, దానిని సమావేశ మందిరంలో కాకుండా, వలిసె చేల గట్ల మీద, తెరిచిన పెట్టె పక్కన పెట్టించండి. చింతపల్లి పరిశోధనా స్థానంలోని శాస్త్రవేత్తలు మా వాతావరణం తెలిసినవారు. వారిని, ఇప్పటికే చలి దాటించడంలో చేయి తిరిగిన రైతులను కలిపి, నవంబరు మూడో వారంలో మండలానికి రెండు చోట్ల ఒక్కో పూట కేటాయిస్తే చాలు. ఆ పూటలోనే బలహీనమైన పెట్టెలు రెండింటిని అందరి ముందూ కలిపి చూపిస్తే, ఎన్ని పుస్తకాలు పంచినా రాని ధైర్యం రైతుకు వస్తుంది. నా రెండు పెట్టెలను అందుకు ఇవ్వడానికి నేను సిద్ధం.

నిన్న సాయంత్రం నా దగ్గరున్న పెట్టెలన్నిటినీ తెరిచి చూశాను. పద్నాలుగింటిలో ఎనిమిది బాగున్నాయి. ఒకదానిలో రాణి లేదు, గుడ్లు ఎక్కడా కనిపించలేదు. మిగిలిన అయిదింటిలో ఈగలు మూడు, నాలుగు ఫ్రేములకు మించి లేవు. ఈ అయిదింటిలో రెండు మా పక్క ఊరి అక్కవి. ఆమెకు పోయిన ఏడాది పథకం కింద వచ్చినవి అవి. తన పెట్టెలను నావాటితో కలుపుకోమని ఆమె అడుగుతోంది, కాని రిజిస్టరులో తన పేరున రెండు పెట్టెలు ఉన్నాయి కనుక భయపడుతోంది. ఇంకో పది రోజుల్లో రాత్రిపూట చలి ముదురుతుంది. ఆ లోపు మీ కార్యాలయం నుంచి ఒక పేజీ ఉత్తర్వు మా క్షేత్ర సిబ్బందికి చేరితే, ఆమె పెట్టెలనూ నా పెట్టెలనూ కలపడానికి కాగితం, సూది సిద్ధంగా ఉంచుకున్నాం.

ఇట్లు,
చింతపల్లి మండలానికి చెందిన ఒక కాఫీ రైతు, తేనెటీగల పెంపకందారు